ట్రైలర్ తలుపు పట్టుకుంటే షాక్ కొడుతోంది: 30 ఆంప్ కనెక్షన్, ఎర్త్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

ప్రశ్న: ప్లేనో పెరటి ఇల్లు

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. ఈ మార్చిలో ఒక సెకండ్‌హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. 24 అడుగులు, 2016 మోడల్, 30 ఆంప్ ప్లగ్గు. బండి వెనక కట్టి లాగడం, నీళ్ళు నింపడం, ట్యాంకులు ఖాళీ చేయడం నెల రోజుల్లో అలవాటైపోయాయి. కరెంటు సంగతే నాకూ మావారికీ ఇంకా అంతుపట్టలేదు. మొన్న శుక్రవారం జరిగినదాని తర్వాత, అది అర్థమయ్యేదాకా మళ్ళీ ప్లగ్గు పెట్టనివ్వనని చెప్పేశాను.

శనివారం పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి, ఫ్రిజ్ చల్లబడాలని ముందు రోజు సాయంత్రమే డ్రైవ్‌వేలో ట్రైలర్‌కి ఇంటి కరెంటు ఇచ్చాం. 30 ఆంప్ ప్లగ్గుకి మామూలు ప్లగ్గు అడాప్టర్ తగిలించి, గరాజ్ లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాం. గరాజ్ గోడకి టెస్ట్, రీసెట్ బటన్లు ఉన్న ప్లగ్గు ఒకటుంది కదా, అందులో పెట్టిన ప్రతిసారీ టిక్కుమని ఆగిపోయింది. నాలుగుసార్లు చూసి, మావారు గరాజ్ డోర్ మోటారు కోసం సీలింగ్‌లో ఉన్న ప్లగ్గులో పెట్టారు. అక్కడ ఆగలేదు. లైట్లు వెలిగాయి, ఫ్రిజ్ ఆన్ అయింది. గోడ ప్లగ్గే పాడైందనుకున్నాం.

అప్పటికి కాసేపటి కిందటే వాన పడి నేల తడిగా ఉంది. మా పాపకి ఆరేళ్ళు. చెప్పుల్లేకుండా పరుగెత్తి వెళ్ళి తలుపు హ్యాండిల్ పట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మా, డోర్ కుడుతోంది" అంది. చలికాలంలో కార్పెట్ మీద నడిచి తలుపు ముట్టుకుంటే చిటుక్కుమంటుంది కదా, అలాంటిదే అన్నారు మావారు. నాకు నమ్మకం కుదరక, చెప్పులు విప్పి వేలి వెనక వైపుతో ముట్టుకున్నాను. చిటుక్కుమని ఆగిపోలేదు. చెయ్యి తీసేదాకా జిల్లుమంటూనే ఉంది. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. ప్రయాణం మానుకున్నాం. పాపకి ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ షాక్ ఎక్కణ్ణుంచి వస్తోంది? తెనాలి నుంచి మా నాన్నగారు వీడియో కాల్‌లో చూసి, ట్రైలర్ పక్కన ఇనుప రాడ్డు పాతి ఎర్త్ వైరు కట్టమన్నారు. అది సరైనదేనా? ఇంకోటి, ఏప్రిల్‌లో డెనిసన్ దగ్గర ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కుకి వెళ్ళినప్పుడు, ట్రైలర్లకి కరెంటిచ్చే 30 ఆంప్ పోస్టుకే పెట్టినా, ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్ పెట్టగానే మొత్తం పోయింది. కానీ లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. అదెలాగో కూడా తెలియలేదు. ఇంట్లోనే 30 ఆంప్ ప్లగ్గు పెట్టించుకుందామని ఎలక్ట్రీషియన్‌ని పిలవబోతున్నాం. అక్టోబరులో అమ్మానాన్నలతో గ్రాండ్ కేన్యన్ వెళ్ళాలి. వాళ్ళని ఎక్కించే ముందు ఇదంతా నాకు తేటగా తెలియాలి.


జవాబు 1: చక్రాల మీద ఏడేళ్ళు

ముందు మీరు ప్లగ్గు పీకడం చాలా మంచి పని అండి. ఆ గోడ ప్లగ్గు పాడవలేదు. అది ఒక్కటే ఆ రోజు నిజం చెప్పింది.

ఆ బటన్ల ప్లగ్గుని ఇక్కడ జీఎఫ్‌సీఐ అంటారు. ఒక వైరులో వెళ్ళిన కరెంటు అంతా రెండో వైరులో తిరిగి వస్తోందా లేదా అని చూడటమే దాని పని. 5 మిల్లీ ఆంపులు తేడా వచ్చినా ఆపేస్తుంది. నాలుగుసార్లు ఆపిందంటే, మీ ట్రైలర్‌లో ఎక్కడో కరెంటు దారి తప్పి బాడీలోకి పోతోందన్నమాట. చాలా ఇళ్ళలో సీలింగ్‌లో ఉన్న ప్లగ్గుకి ఆ కాపలా ఉండదు. అందుకే అక్కడ ఆగలేదు.

ఇక్కడితో సగమే అర్థమవుతుంది. కరెంటు బాడీలోకి లీకైనా, ఎర్త్ వైరు బాగుంటే ఆ దారినే వెనక్కి వెళ్ళిపోతుంది, మీకు తెలియదు. మీకు జిల్లుమందంటే ఎర్త్ కూడా తెగి ఉండాలి. కాబట్టి మీరు వెతకాల్సినవి రెండు తప్పులు. ఎక్స్‌టెన్షన్ వైరు చివర గుండ్రటి మూడో పిన్ను ఉందో లేదో ఇప్పుడే వెళ్ళి చూడండి. పాత వైర్లకి అది విరిగిపోయి ఉంటుంది, లేదా ఎవరో కోసేసి ఉంటారు. అలాగే ఆ వైరు మందం ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 16 గేజ్ అయితే అది లైటు తోరణాలకి పనికొస్తుంది, ట్రైలర్‌కి కాదు. ఇంటి ప్లగ్గు నుంచి ఫ్రిజ్‌కీ బ్యాటరీ చార్జింగ్‌కీ అయితే 12 గేజ్ వాడండి. ఏసీ నడపాలంటే 30 ఆంప్ కోసమే చేసిన 10 గేజ్ వైరు కావాలి.

లీకు ఎక్కడో చెప్పాలంటే, నా అనుమానం గీజర్ మీద. ట్యాంకులో నీళ్ళు లేకుండా ఎలక్ట్రిక్ స్విచ్ వేస్తే లోపలి ఎలిమెంటు కాసేపట్లోనే కాలి పగులుతుంది. తర్వాత నీళ్ళు పోస్తే ఆ పగులులోంచి కరెంటు ట్యాంకు లోహంలోకి పోతుంది. సెకండ్‌హ్యాండ్ ట్రైలర్లలో ఇది చాలా మామూలు. చూడాలంటే ట్రైలర్ ప్లగ్గు పూర్తిగా తీసేసి, గీజర్ ఎలిమెంటుకి వెళ్ళే రెండు వైర్లూ విప్పి, కొనలకి క్యాప్‌లు పెట్టి, జీఎఫ్‌సీఐ ప్లగ్గులో మళ్ళీ పెట్టి చూడండి. గీజర్ బ్రేకర్ ఒక్కటి ఆపితే చాలదు. అది ఫేజునే (కరెంటు తెచ్చే తీగ) కోస్తుంది, న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్ళే తీగ) కలిసే ఉంటుంది. మీకు చేయడం రాకపోతే టెక్నీషియన్‌ని ఇంటికే పిలవండి, గంట పని.

ఇప్పుడు లైట్ల సంగతి. మనవైపు ఇళ్ళలో ఇన్వర్టర్ పెట్టుకుంటాం కదా. కరెంటు పోతే ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు దాని మీద నడుస్తాయి, గీజరూ ఏసీ నడవవు. ట్రైలర్‌లో కూడా రెండు లోకాలున్నాయి. లైట్లు, నీళ్ళ పంపు, హీటర్ ఫ్యాను, ఫ్రిజ్ లోపలి బోర్డు, గ్యాస్ లీకు అలారం, ఇవన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే పుట్టి పెరిగినవి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు 120 వోల్టుల మీద. ఈ రెంటికీ మధ్య కన్వర్టర్ అనే పెట్టె ఉంటుంది. బయటి 120ని 12 చేసి బ్యాటరీని చార్జ్ చేస్తుంది. ఇన్వర్టర్ దీనికి తిరగేసిన పని చేస్తుంది, 12ని 120 చేస్తుంది. చాలా ట్రైలర్లలో అది ఉండదు, మీ మోడల్లో కూడా ఉండకపోవచ్చు. మీ కరెంటు పెట్టె మూత తీస్తే ఒకవైపు బ్రేకర్లు, ఇంకోవైపు కార్లలో ఉండే రంగు రంగుల ఫ్యూజులు కనిపిస్తాయి. బ్రేకర్లు 120 వైపు, ఫ్యూజులు 12 వైపు. పంపు ఆగితే ఫ్యూజు చూడండి, మైక్రోవేవ్ ఆగితే బ్రేకర్ చూడండి. నాకు ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఇన్‌స్టంట్ పాట్ లెక్క ఇదీ. 30 ఆంపులు ఇంటూ 120 వోల్టులు, 3,600 వాట్లు. పెద్దగానే కనిపిస్తుంది. ఎండాకాలం పైకప్పు ఏసీకి 13 ఆంపులు. గీజర్ ఎలక్ట్రిక్ మీద ఉంటే 12. ఫ్రిజ్ కరెంటు మీద ఉంటే 3. బ్యాటరీ ఖాళీగా ఉంటే కన్వర్టర్ ఓ 5 దాకా లాగుతుంది. అప్పటికే 33 అయింది, ఇంకా వంటే మొదలవలేదు. ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ 1,000 వాట్లు, అంటే 8 ఆంపుల పైమాట. గీజర్నీ ఫ్రిజ్‌నీ గ్యాస్ మీదకి మార్చేస్తే ఏసీ, ఇన్‌స్టంట్ పాట్ కలిసి హాయిగా నడుస్తాయి. మా ఇంట్లో అన్నం ఉడికేటప్పుడు గీజర్ గ్యాస్ మీద ఉండాలన్నది చెప్పకుండానే అందరికీ తెలుసు.

ఇక ఇంట్లో పెట్టించే ప్లగ్గు. దయచేసి ఇది శ్రద్ధగా చదవండి. ట్రైలర్ 30 ఆంప్ ప్లగ్గు చూడటానికి బట్టలారబెట్టే డ్రయర్ ప్లగ్గులా ఉంటుంది. డ్రయర్‌కి 240 వోల్టులు. ఎన్నో ఏళ్ళ అనుభవమున్న ఎలక్ట్రీషియన్ కూడా 30 ఆంప్ అనగానే అలవాటు కొద్దీ 240 ఇచ్చేస్తాడు. ప్లగ్గు పెట్టిన క్షణంలో కన్వర్టర్, మైక్రోవేవ్, ఫ్రిజ్ బోర్డు అన్నీ పోతాయి. అతనికి ఈ మాటలే చెప్పండి: టీటీ-30 రకం, 120 వోల్టులు, ఒక ఫేజు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్, సింగిల్ పోల్ 30 ఆంప్ బ్రేకర్, 10 గేజ్ వైరు. అతను వెళ్ళేముందు మీ ఎదురుగా మీటర్ పెట్టించి 120 చూపించమనండి. చూపించేదాకా ట్రైలర్ ప్లగ్గు తీసుకురావద్దు.


జవాబు 2: పాత సబ్‌స్టేషన్

తల్లీ, నేను కృష్ణా జిల్లాలో విద్యుత్ శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మీ నాన్నగారు చెప్పినది ఆయన అనుభవం ప్రకారం చెప్పారు. మన ఇళ్ళ దగ్గర గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, ఎర్త్ పైపు పాతి, ఎండాకాలం నీళ్ళు పోస్తాం. కానీ ట్రైలర్ పక్కన రాడ్డు పాతడం మాత్రం వద్దు. అది కాపాడుతుందని మీరు నమ్ముతారు, అది కాపాడదు.

ఎందుకో లెక్క చెబుతాను. నేలలో దిగేసిన ఒక్క రాడ్డుకి 25 ఓములు రెసిస్టెన్స్ ఉందనుకో. అది మంచి నేల కిందే లెక్క. 120ని 25తో భాగిస్తే 5 ఆంపులు కూడా రావు. 30 ఆంపుల బ్రేకర్ 5 ఆంపులకి పడిపోదు. తలుపు కరెంటుతో అలాగే ఉంటుంది, బ్రేకర్ ఆన్‌లోనే ఉంటుంది. అదే ఎర్త్ తీగ పోస్టు దాకా, అక్కణ్ణుంచి మెయిన్ ప్యానెల్ దాకా రాగి తీగగా తెగకుండా ఉంటే రెసిస్టెన్స్ ఒక ఓములోపే. వందల ఆంపులు ఒక్కసారిగా పారి బ్రేకర్ టక్కున పడుతుంది. మనిషిని కాపాడేది ఆ తీగ. కింద దించే ఇనుప కాళ్ళు నేలకి ఆనుతున్నాయి కదా అని కూడా అనుకోవద్దు, వాటికింద చెక్కలు పెడతాం, టైర్లు ఎలాగూ రబ్బరే.

ఇంకో సంగతి చెప్పాలి. ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ రెండూ వేర్వేరు బార్ల (తీగలు బిగించే లోహపు పట్టీలు) మీద ఉండాలి, ఎక్కడా కలవకూడదు. అవి కలిసేది మెయిన్ సర్వీసు దగ్గర ఒక్కచోటే. పాత యజమాని ఏదైనా మార్పు చేసి రెంటినీ ఒకే బార్‌కి బిగించి ఉంటే, జీఎఫ్‌సీఐ పడిపోవడానికి అదే చాలు. గీజర్ విప్పినా ఇంకా పడిపోతుంటే అక్కడ చూపించమ్మా.

50 ఆంప్ ప్లగ్గున్న ట్రైలర్ల వాళ్ళకోసం కూడా ఒక మాట. ఆ ప్లగ్గులో ఫేజులు రెండు, న్యూట్రల్ ఒకటి. ఒక్కో ఫేజుకి 120, రెంటి మధ్య 240. అందుకే అది 30కి కాస్త పెద్దన్నయ్య కాదు, 12,000 వాట్ల కనెక్షన్. ఆ న్యూట్రల్ పట్టు తప్పితే ఏమవుతుందో మనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దివిసీమలో పనిచేసేటప్పుడు గాలివాన వచ్చిన రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగేది. ఒక ఇంట్లో బల్బు మిణుగురులా ఉండేది, పక్కింట్లో పగిలిపోయేంత వెలుగు వచ్చి టీవీ కాలిపోయేది. తెల్లారేసరికి ఊరంతా సబ్‌స్టేషన్ ముందు నిలబడేవాళ్ళు. 50 ఆంప్ ట్రైలర్‌లో పోస్టు న్యూట్రల్ వదులైతే అదే జరుగుతుంది, ఒకవైపు సామాన్లకి 120 బదులు ఇంకా ఎంతో ఎక్కువ వెళ్తుంది.

మా ఉద్యోగంలో మొదటి పాఠం, ముట్టుకునే ముందు టెస్టర్ పెట్టడం. ఇక్కడ ముట్టుకోకుండానే వెలిగే టెస్టర్ పెన్ను దొరుకుతుంది. ముందు బాగా పనిచేస్తోందో లేదో కరెంటున్న ప్లగ్గు దగ్గర చూడు. తర్వాత ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ట్రైలర్ బాడీకీ, మెట్టుకీ, తలుపు హ్యాండిల్‌కీ దగ్గరగా పెట్టి చూడు. కూతపెట్టిందంటే పోస్టు బ్రేకర్ ఆపు. పాపని దింపేది ఆ తర్వాతే.


ప్రశ్న అడిగినవారు: ప్లేనో పెరటి ఇల్లు

ఇద్దరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఈ వారం మొత్తం దీనిమీదే గడిచింది, జరిగింది చెబుతాను.

ఎక్స్‌టెన్షన్ వైరుకి మూడో పిన్ను లేదు. పాత ఇంటి గరాజ్ నుంచి మాతోపాటు వచ్చిన వైరు అది, ఎన్నేళ్ళుగా అలా ఉందో తెలియదు. ఆకులు ఊడ్చే మిషన్‌కి వాడుతున్నాం కాబట్టి ఎప్పుడూ గమనించలేదు. దాన్ని ముక్కలుగా కోసి పారేశాను, ఎవరూ చెత్తలోంచి తీసి వాడకుండా.

గీజర్ వైర్లు మావారు విప్పారు. కొత్త 12 గేజ్ వైరుతో గోడ ప్లగ్గులో పెడితే అరగంటైనా పడిపోలేదు. మళ్ళీ వైర్లు బిగించి పెడితే టిక్కుమని ఆగిపోయింది. ఎలిమెంటు బయటికి తీస్తే మధ్యలో చీలిపోయి ఉంది. మార్చిలో మేమే నీళ్ళు నింపకముందు స్విచ్‌లన్నీ వేసి చూశామా, లేక పాత యజమాని చేశాడా అన్నది తేలలేదు. కొత్తది వేశాం. గీజర్ స్విచ్ మీద ఎర్ర టేపు అంటించి "నీళ్ళు ఉన్నాయా?" అని తెలుగులో రాశాను, అక్టోబరులో అమ్మ కూడా చూసేలా. న్యూట్రల్, ఎర్త్ బార్లు కూడా విడివిడిగానే ఉన్నాయని మీటర్‌తో చూసుకున్నాం. టెస్టర్ పెన్ను కొన్నాం. ఇప్పుడు బాడీ దగ్గర పెడితే మూగగా ఉంది.

పాప మాత్రం ఆ హ్యాండిల్ పట్టుకోవడం లేదు, తలుపు మమ్మల్ని తియ్యమంటోంది. బలవంతం చేయలేదు.

ఎలక్ట్రీషియన్‌కి మీరు రాసిన వాక్యం అలాగే మెసేజ్ పెట్టాను. ఆయన ముందు రాసిచ్చిన అంచనాలో నిజంగానే రెండు పోల్‌ల బ్రేకర్, అంటే 240 ఇచ్చేది, ఉంది. మెసేజ్ చూసి మార్చి పంపాడు.

ఇంకా మూడు సందేహాలు. గ్రాండ్ కేన్యన్‌లో దొరికిన చోటు 50 ఆంప్ పోస్టు అయితే మా 30 ట్రైలర్ పెట్టొచ్చా? అది దొరక్కపోతే మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో అసలు కరెంటే లేదట, మా ఒక్క బ్యాటరీతో అమ్మానాన్నలతో ఉండగలమా? అమ్మ 230 వోల్టుల మిక్సీ తెస్తానంటోంది, 50 పోస్టులో 240 ఉంటుందన్నారు కదా, ఆడుతుందా?


జవాబు 3: చక్రాల మీద ఏడేళ్ళు

50 పోస్టుకి 50 నుంచి 30 అడాప్టర్ పెట్టి నిర్భయంగా వాడొచ్చు. ఆ అడాప్టర్ ఒక ఫేజునే తీసుకుంటుంది, మీ ట్రైలర్ మెయిన్ బ్రేకర్ 30 దగ్గర ఆపుతుంది. అందుకే అమ్మగారి మిక్సీకి 240 అందదు. మిక్సీ మీ ట్రైలర్‌లో ఆడదు, వద్దని చెప్పండి. ఇక్కడి కరెంటుకి సరిపోయే 110 వోల్టుల మిక్సీలు మన కంపెనీలవే దొరుకుతాయి.

పోస్టు దగ్గర వరస ఎప్పుడూ ఇదే: పోస్టు బ్రేకర్ ఆపడం, ఈఎంఎస్ పెట్టడం, దానికి ట్రైలర్ వైరు పెట్టడం, అప్పుడు బ్రేకర్ వేయడం. ఈఎంఎస్ అంటే పోస్టుని పరీక్షించి, బాగుంటేనే కరెంటు లోపలికి పంపే పెట్టె. ఎర్త్ లేకపోయినా, తీగలు తారుమారైనా పంపదు. నాది 104 వోల్టుల కంటే తగ్గినా, 132 దాటినా కోసేస్తుంది, మళ్ళీ ఇవ్వడానికి రెండు నిమిషాల పైన ఆగుతుంది. ఆ ఆగడం చూసి చెడిపోయిందనుకోకండి, ఏసీ కంప్రెసర్ కోసం ఆగుతుంది. మీరు ఇంకా కొనకపోతే గ్రాండ్ కేన్యన్ కంటే ముందు కొనాల్సింది అదే. జులై వారాంతాల్లో అందరూ ఏసీలు వేస్తే క్యాంప్‌గ్రౌండ్‌లో మన ఊళ్ళో లాగే లో వోల్టేజీ వస్తుంది, ఏసీలు పాడయ్యేది అప్పుడే.

బ్యాటరీ సంగతి. గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) దాదాపు 7,000 అడుగుల ఎత్తు, అక్టోబరు రాత్రులు గడ్డకట్టే చలి కూడా ఉండొచ్చు. హీటర్ గ్యాస్ మీద నడిచినా దాని ఫ్యాను బ్యాటరీ నుంచి 7 ఆంపులు లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటల్లో సగం సేపు తిరిగితే 28 ఆంప్ అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీ 80 ఆంప్ అవర్లది అయితే అందులో సగమే వాడాలి, అంటే 40. లైట్లు, పంపు కలిపితే ఒక రాత్రి గడుస్తుంది, రెండో రాత్రి తెల్లవారుజామున హీటర్ ఆగిపోతుంది. బండి నుంచి వచ్చే ఏడు పిన్నుల కనెక్టర్ చార్జింగ్ మీద ఆశ పెట్టుకోకండి, సన్నటి తీగ అది. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో హుకప్ (కరెంటు, నీళ్ళ కనెక్షన్) ఉన్న చోటు ఇప్పుడే బుక్ చేయండి. అక్కడ నిండిపోతే పార్కు బయట టుసాయన్ ఊరి వైపు చూడండి.

పాప విషయం: టెస్టర్ పెన్ను తనకే ఇచ్చి, మీరు పక్కన నిలబడి, ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ తననే చూడమనండి. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఆ పని అప్పగించాం, ఇప్పటికీ ఇంకెవరినీ చేయనివ్వడు.